వెనిగర్‌లో ఊరేసిన మిరపకాయలు: ఉప్పు తగ్గించొచ్చు, వెనిగర్ తగ్గించొద్దు

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 54. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. రైతుబజారు నుంచి వారానికి సరిపడా తెచ్చుకుంటే చివర్లో క్యాప్సికం, బజ్జీ మిరపకాయలు మిగిలిపోతున్నాయి. మా కోడలు వాటిని వెల్లుల్లితో కలిపి వెనిగర్ నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. మూడో రోజుకి వెల్లుల్లి నీలంగా మారింది. పారేయాలా? పైన నూనె పోస్తే ఎక్కువ రోజులు ఉంటుందంటున్నారు, నిజమేనా? నేను తినొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రంగు మారిందని పారేయకండమ్మా. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలకు పులుపు తగిలితే ఒక్కోసారి రెబ్బలు నీలంగానో ఆకుపచ్చగానో తిరుగుతాయి. అది విషం కాదు. బూజు వేరు. నీటి మీద నూగులా తేలుతుంది, సీసా మూత అంచున పడుతుంది. అది కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి మిగతాది వాడొద్దు, మొత్తం పారబోయండి.

నూనె మాత్రం వద్దు. ఆవకాయను దండిగా పడే ఉప్పు, మామిడి పులుపు, ఆవపిండి, కారం కలిసి కాపాడతాయి. నూనె గాలి తగలనివ్వదు. మీ సీసాలో కాపాడేవి రెండే, వెనిగరూ చల్లదనమూ. పులుపు చాలని ముక్కల మీద నూనె పోస్తే, గాలి అందని ఆ చోటే బోట్యులిజం (నరాలను చచ్చుబరిచే ఆహార విషబాధ) కలిగించే బ్యాక్టీరియాకు అనుకూలం. అది విషం తయారుచేసినా వాసన, రుచి మారకపోవచ్చు. వెనిగర్ లేకుండా వెల్లుల్లి, మిర్చి నూనెలో వేసుకుంటే ఫ్రిజ్‌లోనే ఉంచి 4 రోజుల్లో వాడేయాలి. తిన్నాక చూపు రెండుగా కనిపించినా, రెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా, మింగుడు పడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు వెనిగర్ దగ్గరే. విదేశీ వంటకాల్లో సగం వెనిగర్, సగం నీళ్లు అని ఉంటుంది. అది 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ లెక్క. మన దుకాణాల్లో దొరికే వాటిలో చాలావరకు 4 శాతమే. లేబుల్ చూడండి. 4 శాతమైతే 300 గ్రాముల ముక్కలకు 250 మిల్లీలీటర్ల వెనిగర్, 150 మిల్లీలీటర్ల నీళ్లు, ఒకటిన్నర టీస్పూన్ల (సుమారు 9 గ్రాములు) ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొన్ని మిరియాలు. పంచదార రుచికే, మానేసినా నష్టం లేదు.

మిగిలినవంటే కుళ్లినవి కాదు. కాస్త వడలిన కాయ పనికొస్తుంది; మెత్తటి మచ్చ పడ్డది, కోస్తే గింజల దగ్గర నల్లబడ్డది వద్దు. తొడిమ గుంటలో మట్టి దాక్కుంటుంది కాబట్టి కడిగి తొడిమ తీసేయండి. క్యాప్సికం సన్నగా చీల్చండి. బజ్జీ మిరపకాయను నిండుగా వేయాలంటే పొడవునా గాటు పెట్టాల్సిందే. లేకపోతే లోపలి బోలులోకి వెనిగర్ వెళ్లదు, కాయ పైకి తేలుతుంది, తేలిన వీపు మీదే బూజు మొదలవుతుంది. వెనిగర్ నీళ్లను స్టీలు గిన్నెలోనే మరిగించండి. అల్యూమినియం, రాగి, ఇత్తడి పులుపుకి కరుగుతాయి. సీసాను ముందు వేడినీళ్లతో కడిగి, ముక్కలు మునిగేలా పోయండి. మన విశాఖ ఉక్కలో గట్టు మీద వదిలేయకుండా గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు అరలో కాకుండా లోపలి అరలో. అక్కడ 4 డిగ్రీలు మించకూడదు. రెండు రోజులకు రుచి పడుతుంది, మూడు వారాల్లో ముగించండి. సీసా మీద తేదీ రాయండి. మిగిలిన వెనిగర్‌లో మళ్లీ కొత్త ముక్కలు వేయొద్దు. మొదటి ముక్కల నీరు దిగి అప్పటికే దాని పులుపు తగ్గి ఉంటుంది.

ఇక మీ బీపీ సంగతి. ఇందులో ఉప్పు రుచి కోసమే కాబట్టి సగానికి తగ్గించినా నిల్వకు ఢోకా లేదు. పై కొలతతో చేసినా 30 గ్రాముల ముక్కల్లో ఉప్పు సుమారు 0.4 గ్రాములు; ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటోంది. ఆవకాయ బదులుగా కొద్దిగా వేసుకోండి, ఆవకాయతో పాటు కాదు. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు మాత్రం వాడకండి. అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్‌తో రక్తంలో పొటాషియం పెరగొచ్చు; కిడ్నీ సమస్య కూడా ఉంటే మరీ ప్రమాదం.

ఇంట్లో ఎవరికైనా గుండెమంట, కడుపులో పుండు ఉంటే వాళ్లకు పెట్టొద్దు. తిన్న వెంటనే పళ్లు తోమకుండా నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.