కణం పాఠం రావట్లేదని బైపీసీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం. ఇప్పుడు హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంగ్లిష్ మీడియం బైపీసీ ఫస్టియర్ చదువుతోంది. కణాంగాల (కణం లోపలి భాగాల) పేర్లు, వాటి పనులు ఎంత బట్టీ పట్టినా గుర్తుండట్లేదట. యూనిట్ టెస్టులో మార్కులు పోయాయి, సీఈసీకి (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) మారతానంటోంది. డాక్టర్ సీటు రాకుంటే బైపీసీకి వేరే దారే లేదని చుట్టాలు కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, జమ్మికుంట మండలం

జవాబు: ఒక్క యూనిట్ టెస్టు చూసి గ్రూపు మార్చకండి. అందులోనూ ఈ పాఠం చూసి అసలే వద్దు. గాల్జీ, లైసోజోమ్, రైబోజోమ్ అని వరసగా రాసుకుని పక్కన ఒక్కో లైను పని బట్టీ పడితే, వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం అవుతాయి. మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్ అని రాసి మార్కు తెచ్చుకున్న పిల్లల్ని ఆ శక్తి ఏ రూపంలో తయారవుతుందని అడగండి, చాలామంది తడబడతారు. ఏటీపీ రూపంలో, అంటే కణం తన పనులకు ఖర్చు పెట్టుకునే శక్తి అణువుగా. 1929లో దాన్ని కండరంలో గుర్తించిన వాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఇలాంటి మాట ఒకటి పాఠంతో పాటు చెబితే పిల్లలకు నిలుస్తుంది, కానీ క్లాసులో అంత టైము ఎవరిస్తారు!

కాబట్టి 'దీని పనేంటి' అని కాకుండా 'ఇది పని చేయకపోతే ఏమవుతుంది' అని అడుగుతూ చదవమనండి. మీ వైపు హైబ్రిడ్ విత్తనం కోసం ఆడ-మగ వరి వేస్తారు కదా. ఆడ వరసల్లో పుప్పొడి పనికిరాదు, అందుకే పూత టైములో తాడు లాగి మగ వరసల పుప్పొడి వాటి మీద పడేలా చేస్తారు. ఆ పుప్పొడి చెడడానికి కారణం మైటోకాండ్రియాలోని జన్యువే. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది, అది దాదాపు పూర్తిగా తల్లి మొక్క నుంచే వస్తుంది. మరి ఆ విత్తనం కొని వేసిన రైతు పొలంలో గింజ ఎలా పడుతుంది? మగ వరి కేంద్రకం నుంచి వచ్చే జన్యువులు ఆ లోపాన్ని సరిచేస్తాయి. ఇంత అర్థమైన పిల్లకు కేంద్రకం, మైటోకాండ్రియా మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

పత్తి ఇంకా మంచి ఉదాహరణ. ఒక్కో దూది పోగు ఒక్కో కణం, గింజ పైపొర నుంచి పెరిగినది. లోపలి రిక్తిక (నీటి సంచి లాంటిది) నీటితో ఉబ్బి ఒత్తిడి పెడుతుంటే కణం దాదాపు మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. తర్వాత గోడలో సెల్యులోజ్ పొరలు పేరుకుంటాయి. ఆ సెల్యులోజ్‌ను అల్లే ఎంజైములను కణత్వచం (గోడకు లోపల ఉండే పలుచని పొర) దగ్గరికి చేర్చేది గాల్జీ. చివరికి కణం చచ్చిపోతుంది. జమ్మికుంట మార్కెట్లో మీరు అమ్మేది చాలావరకు ఆ కణాల గోడే. జంతు కణానికి ఆ గోడా ఉండదు, అంత పెద్ద రిక్తికా ఉండదు. మిర్చి పండేటప్పుడు ఎండతో ఆహారం తయారుచేసే ఆకుపచ్చ హరితరేణువులే ఎర్రటి క్రోమోప్లాస్టులుగా (రంగు రేణువులుగా) మారతాయి, చపాటా మిర్చికి ఆ రంగే గిరాకీ. ఒక్క జాగ్రత్త చెప్పండి: హరితరేణువు ఉంది కాబట్టి మొక్కకు మైటోకాండ్రియా ఉండదని రాసే పిల్లలు ఉంటారు. మొక్క కణంలో రెండూ ఉంటాయి. వేరుకు ఎండ తగలదు, మరి అది ఎలా బతకాలి?

ఇక చుట్టాల మాట. నీట్‌లో 720కి 360 మార్కులు బయాలజీవే, ఎంబీబీఎస్ కావాలంటే ఈ పాఠం తప్పదు. కానీ దారి అదొక్కటే కాదు. ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షతో బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది, వరంగల్‌లోనే వ్యవసాయ కళాశాల ఉంది. రైతు కుటుంబాల పిల్లలకు కోటా కూడా ఉంటుంది, నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్లో చూసుకోండి. పైన చెప్పిన ఆడ-మగ వరి సంగతే విత్తన కంపెనీలో మంచి ఉద్యోగం అవుతుంది. ఫార్మసీ ఉంది, ల్యాబ్ టెక్నాలజీ ఉంది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ డిగ్రీలో దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా చేరవచ్చు, ఆపైన పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేయవచ్చు. అయితే ఒట్టి బీఎస్సీతోనే పెద్ద జీతం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ దారిలో పీజీ దాకా చదివించే ఓపిక మీకుండాలి.

నాకు అనిపించేది, అమ్మాయి టెన్షన్‌లో సగం మీడియం మారడం వల్ల వచ్చింది. కొన్నాళ్లు తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు పక్కపక్కనే రాసుకోమనండి. ఇంటికొచ్చినప్పుడు తెల్లకాగితం మీద పుస్తకం చూడకుండా మొక్క కణం, జంతు కణం గీసి, ఏది ఆగితే ఏమవుతుందో మీకు తెలుగులో చెప్పమనండి. మీకు అర్థం కాకపోయినా వినండి, మధ్యలో మార్కుల ఊసెత్తకండి. చెబుతున్న కొద్దీ హుషారొస్తే గ్రూపులోనే ఉంచండి. రెండు మూడు సార్లు చెప్పించాక కూడా విసుగే కనిపిస్తే, జమాఖర్చులు, వ్యాపార విషయాల మీద నిజంగా ఇష్టం ఉంటే సీఈసీ తప్పేం కాదు. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ప్రిన్సిపాల్‌ను కలిసి గ్రూపు మార్పుకు ఎప్పటిదాకా వీలుందో కనుక్కోండి. ఆ సిలబస్ మొదటి నుంచి చదువుకోవాలి, వెనకబడిన పాఠాలకు నోట్సు కూడా సంపాదించుకోవాలి.