ప్రాంతీయ, ఇస్లామిక్ అధ్యయనాల మేజర్‌లో చేరితే లోతు వస్తుందా?

చరిత్ర, రాజకీయాలు, మతం, చట్టం, భాష అన్నీ కలిపి చెప్పే పశ్చిమాసియా, ఇస్లామిక్ అధ్యయనాల మేజర్ తీసుకుంటే ఏదైనా గట్టిగా వస్తుందా, లేక అన్నీ పైపైన చూసి బయటపడటమేనా అని అడిగారు. నేను చదివింది అదే. ఆ కోర్సులో అరబిక్ తప్పనిసరి అయితే చేరండి. 'ఇష్టమైతే తీసుకోవచ్చు' అని రాసుంటే ఆ బ్రోచర్ పక్కన పెట్టేయండి.

ఎందుకంటే, మూడో ఏడాది సెమినార్‌లో మా ప్రొఫెసర్ గారు ఒక పాత ఉత్తరం నకలు తెచ్చి బల్ల మీద పడేశారు. 12వ శతాబ్దంలో యెమెన్ రేవుపట్టణం ఏడెన్ నుంచి ఒక వ్యాపారి, మన పడమటి తీరంలో కాపురమున్న అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడికి రాసింది. పాత కైరోలోని బెన్ ఎజ్రా యూదుల ప్రార్థనా మందిరంలో, దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని వందల ఏళ్లపాటు చిత్తుకాగితాలు కూడా ఒక గదిలో వేస్తూ వచ్చారు. కేంబ్రిడ్జి పండితుడు సోలమన్ షెక్టర్ 1896-97లో వెళ్లి వాటిలో లక్షకు పైగా ముక్కల్ని కేంబ్రిడ్జికి తరలించారు. మా ఉత్తరం కూడా ఆ గదిలోదే.

అరబిక్‌లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చే అమ్మాయి కాగితం చూసి బిక్కమొహం వేసింది. ఒక్క అక్షరం కూడా తెలియదు. భాష అరబిక్కే గానీ లిపి హీబ్రూ! యూదు చరిత్ర చదివే అబ్బాయికి అక్షరాలు వచ్చు, అర్థం తెలియదు. వాడు కూడబలుక్కుంటూ పైకి చదవడం, ఈమె "ఆగాగు, మళ్లీ చదువు" అనడం. కాసేపటికి ఈమె "మిరియాలు!" అని అరిచింది. సంగతి ఏమిటంటే, ఎర్రసముద్రం ముఖద్వారమైన బాబ్ అల్ మందబ్ జలసంధి దగ్గర ఓడ మునిగింది. మిరియాలన్నీ పోయాయి. ఏడెన్ నుంచి గజ ఈతగాళ్లను దింపితే ఇనుములో సగం దాకా పైకి వచ్చింది.

అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న లా విద్యార్థి తలెత్తి, "మరి నష్టం ఎవరి నెత్తిన?" అన్నాడు. ముస్లిం వర్తకుల్లో వాడుకలో ఉన్న భాగస్వామ్యంలో డబ్బు పెట్టినవాడికి సొమ్ము పోతుంది, సరుకు తిప్పినవాడికి శ్రమ మాత్రమే పోతుంది. యూదు వ్యాపారులు తమ ధర్మశాస్త్రం తమకున్నా ఈ పద్ధతినీ వాడుకునేవాళ్లు. ఇక మొదలైంది గొడవ. తర్వాతి క్లాసువాళ్లు వచ్చి తలుపు కొట్టేదాకా ఆగలేదు. ఇప్పుడు చెప్పండి, ఈ ఉత్తరాన్ని ఏ డిపార్ట్‌మెంట్‌కి అప్పగిస్తారు?

అయితే అన్ని క్లాసులూ ఇలాగే ఉంటాయనుకోకండి. చాలాచోట్ల 'అంతర్విభాగ' కోర్సు అంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోని మూడు డిపార్ట్‌మెంట్లు, ఒకదాని మీద ఒకటి పడే టైమ్‌టేబుళ్లు. మాకు చట్టం క్లాసూ అరబిక్ క్లాసూ ఒకే గంటకు పెట్టి, ఏది కావాలో మీరే తేల్చుకోండన్నారు.

సిలబస్ మీద ఇంకో కోపం ఉంది. ముస్లింలు అత్యధికంగా ఉన్న నాలుగు దేశాలు ఇండోనేషియా, పాకిస్తాన్, భారత్, బంగ్లాదేశ్. వీటిలో ఒక్కటీ అరబ్ దేశం కాదు. ఈ నాలుగింటికీ కలిపి మాకు దక్కింది ఒక్క వారం. చమురుకు మాత్రం ఒక సెమెస్టర్ మొత్తం ఇచ్చారు! బ్రిటన్, ఫ్రాన్స్ రహస్యంగా పశ్చిమాసియాను పంచుకున్న 1916 నాటి సైక్స్-పికో ఒప్పందం అయితే ప్రతి పేపర్‌లోనూ ఎదురయ్యేది, అక్కడి కష్టాలన్నీ ఆ ఒక్క కాగితంతోనే మొదలైనట్టు.

అరబిక్ తేలిక అని ఎవరైనా అంటే నమ్మకండి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు దీనికి సుమారు 2200 క్లాసు గంటలు పెడుతుంది. అంత చదివినా మీకు వచ్చేది పత్రికల భాష. మొరాకోవాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది విన్నప్పుడు మళ్లీ మొదటికొస్తారు. అయినా నేర్చుకోండి. ఆ భాషలో ఒక్క హెడ్‌లైన్ కూడా చదవలేని 'నిపుణులు' టీవీల్లో ఇప్పటికే సరిపడా ఉన్నారు.

మతం మారాలా అని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. అక్కర్లేదు. మా బ్యాచ్‌లో నమాజు చేసేవాళ్లూ ఉన్నారు, ఏ దేవుణ్నీ నమ్మనివాళ్లూ ఉన్నారు, మార్కులకు దాంతో సంబంధం లేదు. ఉద్యోగాలంటారా, అనువాదం, పత్రికలు, సహాయ సంస్థలు, షిప్పింగ్ వైపు వెళ్లారు మావాళ్లు. నేను కాంట్రాక్టుల అనువాదంలో ఉన్నాను. భాష వదిలేసినవాళ్లు మాత్రం ఇంకో డిగ్రీ చేయాల్సి వచ్చింది.

ఫీజు కట్టేముందు ఆ కోర్సు చివరి ఏడాది విద్యార్థుల థీసిస్‌లు ఒకటి రెండు అడిగి తీసుకుని, చివరి పేజీలు తిప్పండి. వాళ్లు వాడిన ఆధారాల్లో అరబిక్, ఫార్సీ, టర్కిష్, ఉర్దూ ఏదీ కనిపించకపోతే నేరుగా చరిత్ర డిపార్ట్‌మెంట్‌లో చేరండి, అరబిక్ బయట నేర్చుకోండి.