పార్టీ మారిన ఎమ్మెల్యేపై ఓటరు కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. 2018లో మేం గెలిపించిన ఎమ్మెల్యే 2019లో అనర్హుడయ్యారు. ఆ డిసెంబరులోనే ఇంకో పార్టీ గుర్తు మీద గెలిచి మళ్లీ అసెంబ్లీకి వెళ్లారు. మరి అనర్హుడంటే అర్థమేమిటి లాయర్ గారూ? మళ్లీ ఇలా జరిగితే ఓటర్లుగా మేం కేసు వేయొచ్చా?

జవాబు: మిమ్మల్ని తికమక పెట్టింది ఆ 'అనర్హుడు' అన్న మాటే. రెండేళ్లో అంతకంటే ఎక్కువో శిక్ష పడినవాళ్లకు విడుదలయ్యాక కూడా ఆరేళ్లు పోటీ చేసే వీలుండదు. ఫిరాయింపు సంగతి వేరు. ఫిరాయింపులు ఆపడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం పోయేది ఆ సీటు మాత్రమే. అప్పటి కర్ణాటక స్పీకర్ రమేశ్ కుమార్ మీ ఎమ్మెల్యేతో సహా 17 మందిని అసెంబ్లీ గడువు ముగిసేదాకా పోటీ చేయకూడదన్నారు. 2019 నవంబరు 13న సుప్రీంకోర్టు అనర్హతను ఖాయం చేసి, పోటీపై నిషేధాన్ని కొట్టేసింది. డిసెంబరు 5న 15 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే బీజేపీకి 12 వచ్చాయి. 'మేం ముందే రాజీనామా చేశాం కదా' అన్న వాదన మాత్రం నిలవలేదు. ఫిరాయింపు అప్పటికే జరిగి ఉంటే రాజీనామాతో అది మాసిపోదు.

ఇక మీ కేసు సంగతి. నేరుగా హైకోర్టుకు వెళ్లి 'ఈయన్ను తీసేయండి' అంటే కుదరదు, ముందు స్పీకర్ దగ్గరికే వెళ్లాలి. పిటిషన్ అసెంబ్లీ సభ్యులే వేయాలన్నట్టు నిబంధనలు ఉన్నా, సంబంధం ఉన్న ఎవరైనా వేయొచ్చని 2013లో ఒడిశా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది ఓటరు కాదు, పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు. అయినా ఆ మాట ఓటరుకూ వర్తిస్తుందనే నేను వాదిస్తాను. కాకపోతే తెల్లకాగితం మీద అర్జీ పనికిరాదు. సివిల్ దావాలో లాగా వెరిఫికేషన్, అంటే రాసిందంతా నిజమేనన్న ధ్రువీకరణ, రాసి సంతకం పెట్టాలి.

విప్, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశం, ధిక్కరించారన్నది మీ కారణమైతే ఆశ పెట్టుకోకండి. పార్టీ 15 రోజుల్లోపు క్షమించేస్తే అంతటితో సరి. స్వచ్ఛందంగా పార్టీని వదులుకున్నారన్న కారణమే గట్టిది. దానికి రాజీనామా లేఖే ఉండనక్కర్లేదు, నడవడిక చాలని 1994లోనే తీర్పు వచ్చింది. 2017లో చెన్నైలో 18 మంది అన్నాడీఎంకే ఎమ్మెల్యేలు ముఖ్యమంత్రికి మద్దతు లేదని గవర్నర్‌కు లేఖలిచ్చారు. ఎవరూ రాజీనామా చేయలేదు. అయినా సీట్లు పోయాయి, మద్రాసు హైకోర్టూ 2018లో దాన్నే సమర్థించింది.

మనవాళ్ల దగ్గర గొడవంతా కండువా మీదే. ఫొటో చూపిస్తే 'నియోజకవర్గం పనిమీద వెళ్తే మర్యాదకు శాలువా కప్పారు' అంటారు. అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టకండి, ఆ వేదిక మీద ఆయన మాట్లాడిన వీడియో కూడా ఉండాలి.

స్పీకర్ ఫైలు కదపకపోతే అప్పుడు హైకోర్టులో రిట్ వేయొచ్చు. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జూలై 31న తెలంగాణ స్పీకర్‌కూ అదే గడువు పెట్టింది.

ఒక్క జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగిన వీడియో తెచ్చి నా బల్ల మీద పెట్టొద్దు. తీసిన మనిషి కావాలి, ఆ వీడియో తన ఫోన్‌లో తీసిందేనని చెప్పే సర్టిఫికెట్ మీద ఆయన సంతకం కావాలి. తీసిన ఫోన్‌ను పండగ ఆఫర్లో మార్చేయకుండా ఉంచమని ఆయనకు ఇప్పుడే చెప్పండి.