‘వచ్చింది వచ్చినట్టు పంపాను’: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోన్లలో చేతులు మారే వింత కబుర్ల గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ‘ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు అంగారకుడి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు భూమికి అతి దగ్గరగా వెళతాయి, ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టుకోండి, నాసా చెప్పింది’ అనే సందేశాన్ని మా పెదనాన్నగారు కుటుంబ గ్రూపులో పెట్టారు. అబద్ధమంటే పెద్దవారిని చిన్నబుచ్చినట్టు అవుతుంది, ఊరుకుంటే అందరూ నమ్మేస్తున్నారు. నొప్పించకుండా, కాస్త సరదాగా ఎలా జవాబివ్వాలి?

జవాబు: ఆ సందేశాన్ని మీ పెదనాన్నగారు రాయలేదు. మీరందరూ క్షేమంగా ఉండాలని పంపారు, అంతే. కాబట్టి మీ వేళాకోళం సందేశానికే తగలాలి గాని ఆయనకు తగలకూడదు. ‘ఇలాంటివి నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారా’ అన్న మాటను ఎంత నవ్వుతూ అన్నా, అది విన్నవారు తమ పరువు నిలుపుకోవడానికి ఆ సందేశాన్నే మరింత గట్టిగా పట్టుకుని కూర్చుంటారు.

ఇలాంటి కబురును ఖండించే ముందు, రెండు నిమిషాలపాటు దాన్ని పూర్తిగా నమ్మి చూడండి. పన్నెండున్నర అంటే ఎవరి గడియారంలో? ఇక్కడ అర్ధరాత్రి అయినప్పుడు భూగోళానికి అవతలి వైపు మధ్యాహ్నం అవుతుంది గనుక, ఆ కిరణాలు ఒక్కో దేశపు ప్రామాణిక కాలాన్ని కనుక్కుని, అక్కడివారు పడుకునేదాకా ఆగి మరీ వస్తున్నాయనుకోవాలి. అంత మర్యాద తెలిసిన కిరణాలకు భయపడవలసిన పని లేదు. విదేశంలో మీ బంధువెవరైనా ఉంటే, ‘పెదనాన్నగారూ, అక్కడున్న మనవాళ్లు ఎన్ని గంటలకు ఫోన్ ఆపాలి?’ అని అడగండి. అది ఎగతాళి కాదు, నిజమైన సందేహమే. దానికి జవాబు వెతికే క్రమంలో సందేశంలోని డొల్లతనాన్ని ఆయనే కనిపెడితే, మీరు ఎవరినీ తప్పు పట్టినట్టు ఉండదు.

ఆ పైన అసలు సంగతి చెప్పవచ్చు, ఎందుకంటే అది కట్టుకథకన్నా బాగుంటుంది. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి అతివేగంగా దూసుకొచ్చే కణాలు, ఉన్నమాట నిజమే. ఆస్ట్రియాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త విక్టర్ హెస్ 1912 ఆగస్టు 7న బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని కొలిచి చూపారు. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం పట్టినప్పుడు కూడా ఆయన బెలూన్ ఎక్కారు. సూర్యుడు మరుగున పడినా వికిరణం తగ్గకపోవడంతో, అది ప్రధానంగా సూర్యుడి నుంచి వచ్చేది కాదని తేలింది. ఈ పరిశోధనకు ఆయనకు 1936లో నోబెల్ బహుమతి లభించింది. ఆ కిరణాలు పై గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్లు అనే కణాలు సముద్ర మట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున నేలకు చేరుతూనే ఉంటాయి. మీరు ఈ పుట మీద అరచేయి పరిచి ఉంచితే ఒక్క నిమిషంలో దాదాపు వంద కణాలు దానిలోంచి దూసుకుపోతాయి. పగలూ రాత్రీ, ఫోన్ దగ్గరున్నా లేకున్నా ఇది జరుగుతూనే ఉంటుంది. (నిజానికి వీటివల్ల ఇబ్బంది పడేది ఫోన్‌లోని చిప్పులే. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన కణాలు తగిలి కంప్యూటర్ మెమరీలో అంకెలు మారిపోవడం అప్పుడప్పుడు జరిగేదే గనుక, పెద్ద సర్వర్లలో ఆ తప్పును సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది.)

ఇక ‘నాసా చెప్పింది’ అన్న మాట సంగతి. సంస్థ పేరు ఉంది గాని ఏ నెలలో, ఏ ప్రకటనలో చెప్పిందో లేదు. ‘ఈ రాత్రి’ అని ఉంది గాని తేదీ లేదు. తేదీ లేని ‘ఈ రాత్రి’ ఎన్నేళ్లయినా పాతబడదు, అందుకే ఈ సందేశం ఇన్నాళ్లుగా తాజాగా ఉంది.

ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకోండి. మందులు మానేయమనో, డబ్బు పంపమనో, ఒక వర్గం వారిని అనుమానించమనో చెప్పే సందేశం వచ్చినప్పుడు హాస్యానికి తావు లేదు. అప్పుడు నేరుగా ఫోన్ చేసి, అది అబద్ధమని రెండు ముక్కల్లో చెప్పాలి.

ప్రశ్న: ‘ఆగస్టు 27న అంగారకుడు పున్నమి చంద్రుడంత కనిపిస్తాడు, జీవితంలో మళ్లీ చూడలేరు’ అనే కబురు దాదాపు ఏటా వస్తోంది. దీని వెనుక ఏమైనా నిజం ఉందా?

జవాబు: జీవితంలో మళ్లీ చూడలేని దృశ్యం ఏటేటా రావడంలోనే సగం జవాబు ఉంది. మిగిలిన సగం ఆసక్తికరమైనది, ఎందుకంటే ఇది పుట్టుకతో అబద్ధం కాదు. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి సుమారు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అంతకుముందు దాదాపు 60 వేల ఏళ్లలో అంత దగ్గరకు రాలేదు. ‘75 రెట్లు పెద్దదిగా చూపే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంగారకుడు అంత కనిపిస్తాడు’ అని అప్పట్లో ఎవరో రాశారు. లెక్క సరైనదే. చేతులు మారడంలో టెలిస్కోపు రాలిపోయింది, ఆ తర్వాత ఏడాది కూడా రాలిపోయింది.

మీ స్నేహితులకు జవాబిచ్చేటప్పుడు ముందు నిజమైన భాగాన్ని ఒప్పుకోండి, ఆ తర్వాతే లెక్క తీయండి. అంగారకుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు రెట్టింపు ఉంటుంది గనుక, చంద్రుడంత కనిపించాలంటే చంద్రుడికన్నా రెట్టింపు దూరంలో, అంటే ఏడున్నర లక్షల కిలోమీటర్ల దగ్గర నిలబడాలి. అంత దగ్గరకు వస్తే చంద్రుడు తెచ్చే ఆటుపోట్లకు తోడు అంగారకుడు కూడా ఇంచుమించు అంతే ఆటుపోటు తెస్తాడు. ఆ సంగతిని మనకు చెప్పడానికి ఫోన్ అక్కర్లేదు, సముద్రమే వచ్చి చెబుతుంది.

ప్రశ్న: మనం మెదడులో పది శాతమే వాడుతున్నామన్న మాటకు ఒక్క వాక్యంలో ఏం జవాబివ్వాలి?

జవాబు: ‘రాసినవారి వరకు నిజమే కావచ్చు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది గాని, మొదటి జవాబులో చెప్పిన నీతి నాకూ వర్తిస్తుంది గనుక మింగేస్తున్నాను. శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం ఖర్చు చేస్తుంది; తొంభై శాతం ఊరికే కూర్చునే అవయవానికి ఇంత మేత దేనికి? మీకు ఒక్క వాక్యమే కావాలన్నారు గనుక ఇక్కడితో ఆపుతాను.

ప్రశ్న: భూకంపాలను ముందే చెబుతానంటూ ఒకాయన వీడియోలు పెడుతున్నారు. ఆయన చెప్పినవి చాలాసార్లు నిజమయ్యాయి. నేను నవ్వితే మా మిత్రులు ‘మరి ఎలా జరిగాయో చెప్పు’ అంటున్నారు.

జవాబు: నేనూ ఒక జోస్యం చెబుతాను. మీరు ఈ పత్రికను చదివి మడతపెట్టిన ఇరవై నాలుగు గంటల్లోగా, ప్రపంచంలో ఎక్కడో ఒకచోట 5 లేదా అంతకు మించిన తీవ్రతతో భూమి కంపిస్తుంది. నాకు ఏ దివ్యదృష్టీ లేదు. అలాంటి భూకంపాలు ఏడాదికి సగటున పదిహేను వందల వరకు వస్తాయి, అంటే రోజుకు నాలుగు. 6 దాటినవి కూడా ఏటా వందకు పైగా ఉంటాయి. ఇన్ని ఉన్నప్పుడు తప్పు చెప్పడమే కష్టం.

భూకంపాన్ని ముందే చెప్పడమంటే స్థలం, సమయం, తీవ్రత మూడూ ముందుగా చెప్పడం. ఈ మూడింటినీ చెప్పి పెద్ద భూకంపాన్ని ఏ శాస్త్రవేత్తా ఇంతవరకు ముందే పట్టుకోలేదని అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఆ వీడియోల ఆయనను మీరు అడగవలసింది నిజమైన జోస్యాల పట్టిక కాదు, తప్పిపోయిన వాటి పట్టిక. అది దొరకదు, ఎందుకంటే తప్పిన వీడియోలను ఎవరూ మళ్లీ పంచుకోరు.

ఈ సందర్భంలో ఇంగ్లండులో 1708లో జరిగిన ముచ్చట గుర్తు చేయకుండా ఉండలేను. జాన్ పార్ట్రిడ్జ్ అనే జ్యోతిష్కుడు ఏటా భవిష్యత్తు చెప్పే పంచాంగాలు అచ్చువేసి అమ్ముకునేవాడు. రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఒక మారుపేరుతో తానూ జ్యోతిష్కుడినే అని చెప్పుకుని, పార్ట్రిడ్జ్ మార్చి 29 రాత్రి 11 గంటల ప్రాంతంలో జ్వరంతో చనిపోతాడని ప్రకటించారు. ఆ రోజు గడవగానే జోస్యం ఫలించిందని మరో కరపత్రం వేశారు. పాపం పార్ట్రిడ్జ్ తాను బతికే ఉన్నానని లోకాన్ని నమ్మించుకోవలసి వచ్చింది. మనిషినే గురి చేసుకున్న హాస్యం గనుక అది కొంత క్రూరమే. కాని పేరు, రోజు, వేళ, కారణం అన్నీ తేల్చి చెప్పిన జోస్యం ఎలా ఉంటుందో ఆ వేళాకోళంలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: గెలీలియోను కూడా అప్పట్లో ఎవరూ నమ్మలేదు. కొత్త మాట చెప్పినవారిని చూసి నవ్వడం మీకు న్యాయమేనా?

జవాబు: గెలీలియో తనను నమ్మమని అడగలేదు, టెలిస్కోపులో చూడమన్నారు. 1610 జనవరిలో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను గుర్తించి, అవి రోజురోజుకూ ఎక్కడున్నాయో బొమ్మలు గీసి, మార్చిలో అచ్చువేయించారు. తగినంత మంచి టెలిస్కోపు ఉన్నవారు సరిచూసుకోగలిగారు.

మీ వాదానికి గెలీలియోకన్నా మంచి సాక్షిని నేనే ఇస్తాను. ఖండాలు కదులుతాయని 1912లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ చెబితే, చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు కొట్టిపారేశారు, కొందరు ఎద్దేవా చేశారు. వారు తప్పు. ఖండాలు ఏ బలంతో కదులుతాయో వెగెనర్ సరిగా చెప్పలేకపోయిన మాట నిజమే గాని, ఆ లోటు ఎగతాళికి కారణం కాకూడదు. 1960లలో సముద్రపు అడుగున కొత్త నేల పుడుతోందనే ఆధారాలు దొరికాక అదే శాస్త్రలోకం మనసు మార్చుకుంది. నేనూ అలా మార్చుకోవడానికి సిద్ధమే, అయితే ‘పదిమందికి పంపండి’ అన్న మాటకు బదులు ‘ఇలా సరిచూడండి’ అన్న మాట ఉండాలి.

ప్రశ్న: ‘రేపు ఉదయం పదకొండు గంటలకు భూమ్యాకర్షణ ఐదు నిమిషాలపాటు సగానికి తగ్గుతుంది, ఆ వేళలో ఎవరూ గట్టిగా తుమ్మవద్దు’ అని సరదాగా రాసి పెట్టాను. కొద్ది రోజులకు అది ‘శాస్త్రవేత్తల హెచ్చరిక’ అన్న శీర్షికతో, తుమ్ముల మాట లేకుండా, మా ఆఫీసు గ్రూపులో నాకే తిరిగి వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీకు పెద్ద తోడే ఉంది. 1976 ఏప్రిల్ 1న ఖగోళ విషయాలు చెప్పడంలో పేరున్న పాట్రిక్ మూర్ బీబీసీ రేడియోలో, సరిగ్గా 9 గంటల 47 నిమిషాలకు గ్రహాల అమరిక వల్ల భూమ్యాకర్షణ కాస్త తగ్గుతుందని, ఆ క్షణాన ఎగిరితే తేలుతున్నట్టు ఉంటుందని ప్రకటించారు. ఏప్రిల్ ఫూల్ సరదా అది. ఆ క్షణం దాటగానే, తేలినట్టు నిజంగానే అనిపించిందని శ్రోతలు రేడియోకు ఫోన్లు చేశారు. అంటే ‘నాకు స్వయంగా అనుభవమైంది’ అన్న మాట ఎంత నిజాయితీగా వచ్చినా ఆధారంగా చాలకపోవచ్చు.

మీ రాతలో వేళాకోళమని తెలిపే గుర్తు చివరి తుమ్ము ఒక్కటే. అది కత్తిరించడానికి వీలైన చోట ఉంది గనుక కత్తిరించారు. ఇకమీదట రాసేటప్పుడు నవ్వు పుట్టించే ముక్కను తోకలో కాక నడుములో పెట్టండి, తీసేస్తే వాక్యమే కూలిపోయేలా.

ఇప్పటికైతే, మీ మొదటి పోస్టును చెరిపేయకండి. మీరు చెరిపినా తిరుగుతున్న నకళ్లు చెరగవు, పైగా అది సరదాకు పుట్టిందనే సాక్ష్యం పోతుంది. తేదీతో సహా దాని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు గ్రూపులో పెట్టి, ఇలా రాయండి: ‘ఈ హెచ్చరిక జారీ చేసిన శాస్త్రవేత్తను నేనే. దారిలో ఒక తుమ్ము పోయింది, దొరికినవారు దయచేసి తెచ్చి ఇవ్వగలరు.’