ఫాస్ట్ ట్రాక్‌కి డబ్బు కట్టే ముందు

వనస్థలిపురం, హైదరాబాద్

చిరంజీవి స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. వియత్నాం ప్రయాణానికి ఏజెంటు ఇచ్చిన లెక్క మొత్తం చూశాను. టికెట్లు, హోటళ్లు బాగానే ఉన్నాయి. అడుగున రెండు వరసలు చేర్చాడు కదా, శంషాబాద్‌లో ఫాస్ట్ ట్రాక్, అంటే డబ్బు కడితే లైన్లలో త్వరగా దాటిస్తామనే సేవ, ఒకటి, హోచిమిన్ సిటీలో దిగాక ఇంకొకటి, తలకు ఇంత చొప్పున నలుగురికీ వేసి. వాటికి డబ్బు కట్టడం దండగా కాదా అని అడిగావు. ఇక్కడిది వద్దు, అక్కడిది తీసుకో. కారణం కూడా చెప్తాను. మీరు ఇంకో ఊరికి వెళ్లేటప్పుడు ఈ జవాబు తలకిందులు కావచ్చు, అప్పుడు నీ అంతట నువ్వే తేల్చుకోవాలి.

టికెట్ల ఆఫీసు నడిపిన ఇన్నేళ్లలో, బేగంపేట ఎయిర్‌పోర్టు రోజుల నుంచీ నేను గమనించింది ఒకటుంది. విదేశం అనగానే మనవాళ్లకి ఇమిగ్రేషన్, అంటే పాస్‌పోర్టు, వీసా చూసి ముద్ర వేసే చోటు, అంటేనే భయం. ఆలస్యమయ్యేది మాత్రం చాలాసార్లు అంతకు ముందే. శంషాబాద్‌లో టెర్మినల్ గేటు, లగేజీ ఇచ్చే కౌంటర్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, ఇన్ని చోట్ల నిలబడాలి. నువ్వు కట్టే డబ్బు వీటిలో ఏ లైన్‌ని తప్పిస్తుందో ముందు ఏజెంటుని అడుగు. "అన్నీ చూసుకుంటాం మేడమ్" అంటే ఒప్పుకోకు, ఒక్కో లైన్ పేరు చెప్పి అడుగు. మనిషి తోడొచ్చి దారి చూపించడం వేరు, విడిగా కౌంటర్ ఉండటం వేరు. చాలా ప్యాకేజీల్లో ఉండేది మొదటిది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే అధికారి ప్రభుత్వం మనిషి, ఆయన అడిగే ప్రశ్నల్ని ఏ ప్యాకేజీ తగ్గించలేదు.

లగేజీ కౌంటర్ దగ్గర జరిగేది చెప్తాను, మీ అత్తగారు ఊరగాయలు సర్దుతున్నారని మీ అమ్మ చెప్పింది కాబట్టి. పెట్టె బెల్టు మీద పెడితే 26 కిలోలు చూపిస్తుంది. పక్కకి జరగమంటారు. అందరి మధ్యా నేల మీద పెట్టె తెరిచి, చీరల మడతల్లోంచి ఆవకాయ సీసా లాగి చేతిసంచిలో పెడతారు. మళ్లీ లైన్ చివరికి వెళ్తారు. తీరా సెక్యూరిటీలో ఆ సీసాని ఆపేస్తారు, నూనెలో ఊరిన పచ్చడి చేతిసంచిలో ఒప్పుకోరు కాబట్టి. పెద్దావిడ కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఆ గంటసేపు ఇంట్లోవాళ్లందరికీ మనసు పాడవుతుంది. ఏ ఫాస్ట్ ట్రాక్ కూడా అలా పోయిన సమయాన్ని తిరిగి ఇవ్వదు. చేత్తో వేలాడదీసి తూచే చిన్న కాటా ఒకటి కొను. ముందురోజే తూకం వేసి, పచ్చళ్లు గట్టిగా ప్యాక్ చేయించి పెద్ద పెట్టెలోనే పెట్టు. వెబ్ చెక్-ఇన్ ఇంట్లోనే చేసేయ్. అర్ధరాత్రి దాటాక తెల్లారేలోపు మన ఎయిర్‌పోర్టులో విదేశీ విమానాలు వరసగా ఉంటాయి, సాగనంపడానికి ఊళ్ల నుంచి జీపుల్లో వచ్చేవాళ్లతో బయటే సందడి. మూడున్నర గంటల ముందు గేటు దాటి లోపల ఉండండి. చాలా ఎయిర్‌లైన్లు విమానానికి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, ఆ తర్వాత ఎవరు చెప్పినా తెరవరు.

ఇక ఇక్కడి ఇమిగ్రేషన్. దీనికి మన ప్రభుత్వమే ఉచితంగా దారి పెట్టింది, ఏజెంటు నీకు ఆ మాట చెప్పలేదంటే నాకు బాధగా ఉంది. ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్ అంటారు. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలైంది. 2025 జనవరిలో హైదరాబాద్‌కీ, ముంబై, చెన్నై, బెంగళూరు లాంటి మరికొన్ని చోట్లకీ వచ్చింది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లూ, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లూ కేంద్ర హోంశాఖ వెబ్‌సైటులో నమోదు చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పాస్‌పోర్టుకి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. పరిశీలన అయ్యాక కబురు వస్తుంది, అప్పుడు ఎయిర్‌పోర్టులో గానీ విదేశీయుల నమోదు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఆఫీసులో గానీ వేలిముద్రలు, ముఖం ఫొటో ఇవ్వాలి. ఒకసారి అయితే 5 ఏళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. ఆ తర్వాత ఈ-గేటు దగ్గర బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు స్కాన్ చేసి, కెమెరా వైపు చూస్తే గేటు తెరుచుకుంటుంది. కళ్లజోడు, టోపీ తీసేయాలి. వచ్చేటప్పుడు కూడా పనికొస్తుంది కాబట్టి బోర్డింగ్ పాస్ సీట్లో వదిలేసి దిగొద్దు.

ముఖం చూపించి ఎయిర్‌పోర్టు గేట్లు దాటే డిజియాత్ర యాప్ ఉంది కదా, అదే చాలు అని అల్లుడుగారు అన్నారట. అది దేశంలో తిరిగే విమానాలకే. దానికీ ఇమిగ్రేషన్‌కీ సంబంధం లేదు.

ఆఫీసు పని మీద ఏడాదికి నాలుగైదుసార్లు సింగపూర్ వెళ్లొస్తారు కాబట్టి ఈ నమోదు అల్లుడుగారు తప్పకుండా చేయించుకోవాలి. ఇవాళే దరఖాస్తు పెట్టించు, వారాలు పట్టొచ్చు. ఈ ప్రయాణంలో మాత్రం మూడేళ్ల చంటోడితో ఈ-గేటు కుదరదు, ఎవరో ఒకరు వాడితో మామూలు కౌంటర్‌కే వెళ్లాలి. మీ అత్తగారి సంగతి కూడా ఆలోచించు. ఏళ్ల తరబడి పొలం పనీ, ఇంటి పనీ చేసిన చేతులు. రేషన్ షాపులో వేలిముద్ర పడక ఎంతసేపు నిలబడతారో నువ్వే చెప్పావు. ఆవిడని గేటు ముందు నిలబెట్టి కంగారు పెట్టొద్దు, మీతోపాటే కౌంటర్‌కి తీసుకెళ్లు. లైన్ పొడుగ్గా ఉంటే అక్కడున్న సిబ్బందికి పిల్లాడినీ పెద్దావిడనీ చూపించి మర్యాదగా అడుగు. పంపిస్తే సరి, లేకపోయినా మీరు ముందే వచ్చారు కాబట్టి భయం లేదు.

అక్కడి సంగతి వేరు. హోచిమిన్ సిటీలో దిగిన రోజే దనాంగ్‌కి ఇంకో విమానం పెట్టాడు మీ ఏజెంటు, అదీ విడి టికెట్ మీద. అంటే అక్కడ ఇమిగ్రేషన్ దాటాలి, పెట్టెలు తీసుకోవాలి, దేశీయ విమానాల టెర్మినల్‌కి వెళ్లి మళ్లీ లగేజీ ఇవ్వాలి. మధ్యలో ఉన్నది మూడు గంటలు. అక్కడి టాన్ సన్ న్యాట్ ఎయిర్‌పోర్టులో ఒకేసారి నాలుగు పెద్ద విమానాలు దిగితే ఆ లైన్ ఎంతకీ కదలదు. రెండో విమానం పోతే మొదటి ఎయిర్‌లైన్‌కి బాధ్యత ఉండదు, కొత్త టికెట్లు నలుగురికీ మీరే కొనాలి. ఇలాంటి చోట ఫాస్ట్ ట్రాక్‌కి కట్టే డబ్బుకి అర్థం ఉంది. పేరు రాసిన బోర్డు పట్టుకుని మనిషి ఇమిగ్రేషన్ హాలుకి ముందే కలుస్తాడు, విడి కౌంటర్‌కి తీసుకెళ్తాడు. ఆ మనిషి ఎక్కడ నిలబడతాడో, ఫోన్ నంబరేమిటో రాసి తీసుకో, విమానం ఆలస్యమైతే ఆగుతాడా అని అడుగు. అదే హోచిమిన్‌లోనే రెండు రాత్రులు ఉండి దనాంగ్ వెళ్లేట్టయితే వద్దనేవాణ్ని. ఇమిగ్రేషన్‌లో అరగంట ముందొచ్చి బెల్టు దగ్గర అదే అరగంట పెట్టెల కోసం నిలబడతారు.

దీనికంటే ముఖ్యమైనది వీసా కాగితం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైటులో మనమే పెట్టుకోవచ్చు. మీ అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలోనే ఉంది. మన తెలుగువాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది. టికెట్‌లో ఒకలా, వీసాలో ఇంకోలా పడితే ఇక్కడి చెక్-ఇన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. పుట్టినతేదీలో రోజూ నెలా తారుమారైనా అంతే. పాస్‌పోర్టు నంబరు ఒక్కో అంకె వేలు పెట్టి చదువు, ఇంకొకరి చేత చదివించు. ఏ ఊళ్లో దిగుతారని రాశారో అదీ చూడు. తర్వాత ప్రింటు తీసి నాలుగు కాపీలు పెట్టుకో, ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు.

అలాగే అల్లుడుగారి సింగపూర్ ప్రయాణాలకి అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలో దిగేముందు ఇచ్చే వివరాల ఫారం, నింపినందుకు ఎవరో డబ్బు తీసుకుంటున్నారని విన్నాను. సింగపూర్‌దీ, మలేసియాదీ, థాయిలాండ్‌దీ, మూడూ ప్రభుత్వ సైట్లలో ఉచితం. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఎవరైనా ఫోన్‌లోనే నింపుకోవచ్చు. ఉచితమైనదానికి వసూలు చేయడం నాకు అసలు నచ్చదు.

అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ లైన్ సంగతేమిటని మీ అన్నయ్య చికాగో నుంచి అడిగినదానికీ ఇందులోనే చెప్తున్నా, వాడికి చూపించు. గ్రీన్ కార్డు ఉన్నవాడు కాబట్టి, వివరాలు ముందే ఫోన్‌లో పంపి ఆ లైన్ తగ్గించుకునే మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్ యాప్ ఉచితంగా వాడుకోవచ్చు. తరచూ తిరిగితే గ్లోబల్ ఎంట్రీ, అంటే ముందే పరిశీలించినవాళ్లని త్వరగా పంపించే అమెరికా ప్రభుత్వ పథకం, తీసుకోమను, 5 ఏళ్లకి 120 డాలర్లు, అది దండగ కాదు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వెళ్తారు, వాళ్లకి ఆ యాప్ పనికిరాదు. వాళ్లకి అబుదాబి మీదుగా టికెట్ తీయమను. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, చికాగోలో దిగాక పెట్టెలు తీసుకుని బయటికి రావడమే. మధ్యలో మూడు గంటలకు తక్కువ ఉండకూడదు. మీ అమ్మకి మోకాళ్లు బాగాలేవు, వీల్‌చైర్ కోసం ఎయిర్‌లైన్‌కి 48 గంటల ముందే చెప్పాలి, దానికి డబ్బు అక్కర్లేదు. మీ నాన్న చక్కగా నడుస్తాడు, ఇంగ్లీషు రాదన్న బెంగ ఒక్కటే. ఆయనకీ వీల్‌చైర్ అడగొద్దు, నడవలేనివాళ్లకి కుర్చీలు చాలక గంటలు గంటలు కూర్చోబెట్టడం కళ్లారా చూశాను. మీ నాన్నలాంటివాళ్లకి మాత్రం తోడొచ్చే మనిషికి డబ్బు కట్టడం నూటికి నూరుపాళ్లు సబబే. వేగం కోసమని కట్టొద్దు, పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం కోసం కట్టండి.

తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లో అల్లుడుగారు అప్పటికి నమోదై ఉంటే ఈ-గేటులోంచి ముందు వెళ్లి బెల్టు దగ్గర పెట్టెలు దించుతారు, మీరు ముగ్గురూ నింపాదిగా రండి.

ఈ ఆదివారం నలుగురి పాస్‌పోర్టులూ, వీసా కాగితాలూ, టికెట్లూ తీసుకుని ఇంటికి రా. పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూద్దాం. అప్పటిదాకా ఏజెంటుకి మిగతా డబ్బు పంపొద్దు.

మీ
మావయ్య