స్లాట్ గేమ్ ఐడియాకి పేటెంట్ వస్తుందా?

ప్రశ్న: నమస్తే సార్, నేను హైదరాబాద్‌లో ఒక గేమ్ స్టూడియోలో చేస్తున్నా, బయట దేశాల కాసినోల కోసం స్లాట్ గేమ్స్ చేసిస్తాం. నా పని మ్యాథ్, అంటే ఏ బొమ్మ ఎన్నిసార్లు పడాలి, ఎంత పే అవ్వాలి అనే లెక్కలు. నాకో కొత్త బోనస్ రౌండ్ (అసలు ఆట మధ్యలో అదనంగా వచ్చే చిన్న ఆట) ఐడియా వచ్చింది, ఇప్పటిదాకా ఏ గేమ్‌లోనూ చూడలేదు. నా పేరు మీద పేటెంట్ తీసుకోవచ్చా? ఇక్కడ వేయాలా, డైరెక్ట్‌గా అమెరికాలో వేయాలా? (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు జాయిన్ అయినప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంట్ బయటికి తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా ఆ పనికి సంబంధించి ఏం కనిపెట్టినా కంపెనీదే అని చాలావాటిల్లో రాసుంటుంది, రాత్రిపూట ఇంట్లో సొంత ల్యాప్‌టాప్‌లో చేశానన్నా ఒప్పుకోని క్లాజులు కూడా ఉంటాయి. అలా ఉంటే హక్కు కంపెనీకి పోతుంది, కానీ కనిపెట్టిన మనిషిగా అప్లికేషన్‌లో మీ పేరే ఉండాలి, అది మాత్రం మొహమాటపడకుండా అడగండి, అది మీ కష్టం.

ఇక ఇండియా సంగతి. 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3లో వేటికి పేటెంట్ ఇవ్వరో రాసుంది. అందులో కె క్లాజు లెక్కల పద్ధతి, వ్యాపార పద్ధతి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్, అల్గారిథమ్ కుదరవంటుంది, ఎమ్ క్లాజు అయితే ఆట ఆడే పద్ధతికి ఇవ్వం అని నేరుగానే చెప్తుంది. బోనస్ రౌండ్ ఐడియా ఈ రెండిటికీ దొరికిపోతుంది. దానికి తోడు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, అంటే ఇక్కడ పేటెంట్ వచ్చినా మీకు పెద్దగా ఒరిగేదేం లేదు.

అలాగని చెప్పాపెట్టకుండా అమెరికాలో వేసేయకండి, ఇది చాలామందికి తెలీదు. ఇండియాలో ఉంటున్నవాళ్ళు బయట దేశంలో పేటెంట్ వేయాలంటే సెక్షన్ 39 ప్రకారం ముందు మన పేటెంట్ ఆఫీసు పర్మిషన్ తీసుకోవాలి, దానికి ఫారం 25 ఉంటుంది. లేదంటే ముందు ఇక్కడే ఒక అప్లికేషన్ వేసి ఆరు వారాలు ఆగాలి. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై ఆఫీసే.

అమెరికాలో ఏమవుతుందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మొదట్లో అక్కడి కోర్టులు జూదం మెషీన్‌కి పేటెంటే లేదనేవి, దానివల్ల సమాజానికి ఉపయోగం లేదని 1897లో కాలిఫోర్నియాలో ఒక కార్డ్ స్లాట్ మెషీన్ పేటెంట్ కొట్టేశారు. 1977లో పేటెంట్ ఆఫీసు అప్పీల్ బోర్డు ఆ మాట పక్కన పెట్టింది. ఆ తర్వాత 1984లో వచ్చిందండీ అసలైన పేటెంట్, ఇంగే టెల్నాస్ అనే ఆయనది, దాన్ని స్లాట్ మెషీన్లు తయారుచేసే ఐజీటీ కంపెనీ కొనుక్కుంది. అంతకుముందు మెషీన్‌లో మూడు రీళ్ళు, అంటే బొమ్మలుండి తిరిగే చక్రాలు, ఒక్కోదాని మీద 22 స్టాప్‌లు, అంటే చక్రం ఆగే చోట్లు, అనుకుందాం, 22 ని మూడుసార్లు గుణిస్తే 10,648, అంటే జాక్‌పాట్ పడే ఛాన్స్ 10,648లో ఒకటి కంటే తగ్గదు, కాబట్టి పెద్ద జాక్‌పాట్ పెట్టలేరు, పెట్టాలంటే రీళ్ళు పెద్దవి చేయాలి. టెల్నాస్ ఏం చేశాడంటే రీలు అలాగే ఉంచి కంప్యూటర్‌లో దానికంటే ఎక్కువ నంబర్లు పెట్టాడు, మీరు 64 అనుకోండి, జాక్‌పాట్ ఇచ్చే 7 బొమ్మకి అందులో ఒక్క నంబరే ఇచ్చి ఖాళీ స్టాప్‌లకి నాలుగైదేసి ఇస్తే ఛాన్స్ 2,62,144లో ఒకటికి దిగిపోతుంది. ఆడేవాడి కంటికి మాత్రం అదే 22 స్టాప్‌ల రీలు. తెలివైన పనే, కానీ ఆడేవాడికి కనిపించే ఛాన్స్ వేరు, నిజం ఛాన్స్ వేరు, అది నాకు ఇప్పటికీ నచ్చదు, మ్యాథ్ చేసే మీరు కూడా ఒకసారి ఆలోచించాలని అడుగుతున్నా.

ఇవాళ టెల్నాస్ పేటెంటే వేసినా రావడం కష్టమయ్యేదని నా అభిప్రాయం, ఎందుకంటే 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో ఉత్త ఆలోచనని కంప్యూటర్‌లో పెట్టినంత మాత్రాన పేటెంట్ రాదంది. 2016లో అక్కడ పేటెంట్ అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు బ్లాక్‌జాక్ లాంటి ఒక పందెం ఆటకి రూల్స్ కొత్తవైనా మామూలు పేకముక్కలతో ఆడేదే కదా అని ఇవ్వలేదు, కాకపోతే కొత్త రకం ముక్కలే తయారు చేస్తే సంగతి వేరు కావచ్చని కూడా అంది. మీ ఐడియాకి ఈ పరీక్ష పెట్టండి: మెషీన్ తీసేసి అదే బోనస్‌ని కాగితం, పాచికలతో ఇంట్లో ఆడించగలరా? ఆడించగలిగితే అవి రూల్సే, రావడం చాలా కష్టం. అలా కాకుండా స్క్రీన్, సెన్సర్, మెషీన్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే తీరు, ఇలాంటిదేదైనా నిజంగా మారితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. గూగుల్ పేటెంట్స్‌లో జీ07ఎఫ్ 17/32 అనే క్లాస్ కింద వెతకండి, ఎక్కడా చూడలేదన్నది అక్కడ ఎన్ని రకాలుగా ఉందో తెలుస్తుంది. వేసేదాకా ఎవరికీ చూపించకండి, అమెరికాలో బయటపెట్టాక ఏడాది గడువుంది కానీ ఇండియాలో మామూలుగా ఆ వెసులుబాటు లేదు.

బొమ్మలకీ, మ్యూజిక్‌కీ, కోడ్‌కీ కాపీరైట్ ఎలాగూ ఉంటుంది, పేరుకి ట్రేడ్‌మార్క్. మీ లెక్కలున్న పార్ షీట్ అయితే కంపెనీలు పేటెంట్ కంటే రహస్యంగా ఉంచుకోడానికే ఇష్టపడతాయి.

ప్రశ్న: అన్నయ్యా, మేం అమెరికాలో నెవాడాలో ఉంటాం. మా ఆయన స్లాట్ గేమ్ ఒకటి డిజైన్ చేశారు, ఒక ఐడియా కంపెనీ వాళ్ళు పేటెంట్ తీసి కాసినోలకి అమ్మిపెడతాం అని వేల డాలర్లు ముందే కట్టమంటున్నారు. కట్టొచ్చా?

జవాబు: ఆగమ్మా, ఇప్పుడే కట్టొద్దు. ఇలాంటి కంపెనీలు గత అయిదేళ్ళలో ఎన్ని ఐడియాలు చూశారో, ఎంతమంది కస్టమర్లకి కట్టినదానికంటే ఎక్కువ లాభం వచ్చిందో కాంట్రాక్ట్‌కి ముందే రాతపూర్వకంగా ఇవ్వాలని 1999 నుంచి చట్టం ఉంది. ఆ కాగితం అడగండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫ్లోరిడాలో ఇలాంటి ఒక కంపెనీ మీద కేసు వేసి ఆపించింది, జనం దాచుకున్న డబ్బు పోయాక.

ఇంకోటి, పేటెంట్ వచ్చినంత మాత్రాన మెషీన్ కాసినోలోకి వెళ్ళదు. నెవాడాలో తయారుచేసేవాళ్ళకి లైసెన్స్ కావాలి, గేమ్‌కి టెస్టింగ్, అప్రూవల్ కావాలి, థియరీ లెక్కన కనీసం 75 శాతం తిరిగి పే అవ్వాలి. ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు, అందుకే లైసెన్స్ ఉన్న తయారీ కంపెనీకి హక్కులివ్వడమే దారి, వాళ్ళలో చాలామంది పేటెంట్ వేయని ఐడియాని చూడనే చూడరు. కాబట్టి ముందు మీరే ప్రొవిజనల్, అంటే పూర్తి అప్లికేషన్‌కి ముందు వేసే తాత్కాలిక అప్లికేషన్, వేసుకోండి, 12 నెలల టైమ్ దొరుకుతుంది, ఆదాయం తక్కువైతే మైక్రో ఎంటిటీ కింద చాలా ఫీజుల్లో 80 శాతం తగ్గింపు కూడా ఉంది. డబ్బు ఇబ్బందైతే అమెరికా పేటెంట్ ఆఫీసు (యూఎస్‌పీటీఓ) ప్రో బోనో ప్రోగ్రామ్‌లో అర్హత ఉన్నవాళ్ళకి ఉచితంగా అటార్నీ సాయం చేస్తారు. ఎవరిని పెట్టుకున్నా రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి యూఎస్‌పీటీఓ సైట్‌లో వాళ్ళ పేరుందో లేదో చూశాకే కాగితాలు చేతికివ్వండి.