లింక్డ్‌ఇన్‌లో రాజకీయ వాదనలకు పోకుండా వృత్తి పరిచయాలు పెంచుకోవడం ఎలా?

మనం పెట్టే పోస్టుల కంటే ఇతరుల పోస్టుల కింద రాసే వ్యాఖ్యలతోనే ఎక్కువ చిక్కు. అక్కడ ఏం రాసినా, ఒక్క లైక్ చేసినా, అది మన పేరుతో మన పరిచయస్థులకూ కనిపించవచ్చు. నాకిది ఆలస్యంగా తెలిసింది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. సొంతూరు గుంటూరు దగ్గర. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. దానికి వారం ముందు పాత సహోద్యోగి ఒకరు మూడు రాజధానులను సమర్థిస్తూ పోస్టు పెట్టారు. అమరావతికి భూములిచ్చిన రైతులు మా బంధువుల్లోనే ఉన్నారు. ఊరుకోలేక ఘాటుగా రాశాను. రాత్రి పదకొండు దాకా మాటకు మాట. అప్పుడు నేను ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నాను. తమ సంస్థలో నా పేరు చెబుతానన్న సీనియర్ ఒకరిది శ్రీకాకుళం జిల్లా. ఆయన అదంతా చదివి, "మా ప్రాంతమంటే మీకింత చులకన అనుకోలేదు" అని సందేశం పంపారు.

ఉద్యోగం చేజారినందుకంటే ఆయన మనసు నొప్పించినందుకే ఎక్కువ బాధపడ్డాను. ఫోన్ చేసి క్షమించమన్నాను. తమ ఊళ్ల నుంచి కుటుంబాలు కుటుంబాలే పనికోసం వలసపోవడం గురించి అరగంట చెప్పారు. రాజధానిపై నా అభిప్రాయం మారలేదు. కానీ అదే మాట ఆయన వ్యాఖ్యగా రాసి ఉంటే నేను వినేవాణ్ని కాదు, ఎదురు జవాబు వెతికేవాణ్ని.

అప్పటినుంచి రెచ్చగొట్టే పోస్టులు పెట్టేవారిని 'అన్‌ఫాలో' చేస్తున్నాను. పరిచయం అలాగే ఉంటుంది, వారికి ఆ సంగతి తెలియదు కూడా. ఎవరైనా నన్ను వాదనలోకి లాగితే, ఫోన్‌లో మాట్లాడుకుందామని విడిగా సందేశం పెడతాను.

అలాగని ప్రభుత్వం ఊసే ఎత్తకూడదని కాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మా పనికి సంబంధించినదే. నిజమైన ఖాతాదారుల వివరాలతో టెస్టింగ్ చేయడం ఎందుకు మానాలో దాని ఆధారంగా రాశాను. ఏ పార్టీ పేరూ అక్కర్లేకపోయింది. ఒక యాప్‌లో తెలుగు ఒత్తులు అక్షరం నుంచి విడిపోయి కనిపించే లోపం గురించి రాసినప్పుడైతే, అదే సమస్యతో కుస్తీ పడుతున్న ముగ్గురు పరిచయమయ్యారు. వారిలో ఒకరి ద్వారానే ఇప్పటి ఉద్యోగం వచ్చింది.

ఒక పని మాత్రం ఈరోజే చేయండి. మీ ప్రొఫైల్‌లోని 'యాక్టివిటీ' భాగంలో పాత వ్యాఖ్యలు కనిపిస్తాయి. ఎక్కడైనా దరఖాస్తు పెట్టేముందు వాటిని చదివి, కోపంలో రాసినవి తీసేయండి.